ఫ్రెట్‌లెస్ బేస్ గిటార్ నాదం ఏ సంగీతానికి నప్పుతుంది: దక్షిణ ఒడిశా తెలుగు బేసిస్టులు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో బేస్ గిటార్ వాయించే తెలుగువారికి ఒకే రకం సంగీతంతో పని జరగదు. శనివారం రాత్రి పెళ్లి ఆర్కెస్ట్రాలో తెలుగు, ఒడియా, హిందీ సినిమా పాటలు వాయించినవారే ఆదివారం ఉదయం చర్చిలో కీర్తనలకు కూర్చుంటారు. వినాయక చవితికీ దసరాకూ అదే వాద్యం భజన పందిట్లోకి వస్తుంది. అందువల్ల ఫ్రెట్‌లెస్ బేస్ (ఫ్రెట్లు, అంటే మెట్లు, లేని బేస్ గిటార్) గురించి ఇక్కడ వినబడే ప్రశ్నలు స్టూడియోల్లో వాయించేవారి ప్రశ్నలకు కొంత భిన్నంగా ఉంటాయి. కింది జవాబుల్లో శైలి పేరు కన్నా మూడు సంగతులకు ఎక్కువ విలువ ఇచ్చాను: స్వరానికీ స్వరానికీ మధ్య ఎంత ఖాళీ ఉంది, శ్రుతిని ఏ వాద్యం పట్టి నడుపుతోంది, మంద్రధ్వనుల చోటును ఇంకెవరైనా ముందే ఆక్రమించారా.

మామూలు బేస్‌కూ ఫ్రెట్‌లెస్ బేస్‌కూ నాదంలో తేడా ఎక్కడ పుడుతుంది?

మామూలు బేస్‌లో వేలితో నొక్కిన తీగ చివరకు ఆనేది లోహపు ఫ్రెట్ మీద. ఆ ఆనిక సన్నగా, గట్టిగా ఉంటుంది కనుక మీటిన క్షణంలోనే మూలస్వరంతో పాటు దాని అనుస్వరాలు, అంటే పైస్థాయిలో సన్నగా తోడు పలికే ధ్వనులు, స్పష్టంగా లేస్తాయి. ఫ్రెట్‌లెస్‌లో ఆ లోహం లేదు. తీగకు పైన వేలి కండ, కింద ఫింగర్‌బోర్డు అనే వెడల్పాటి చెక్క ఉంటాయి. కండ మెత్తనిది కాబట్టి చురుకైన పై అనుస్వరాలను త్వరగా మింగేస్తుంది, మీటు దెబ్బ పదును తగ్గుతుంది. అయితే కంపిస్తున్న తీగ ఫింగర్‌బోర్డుకు అతి దగ్గరగా ఉండి, కొంత మేర దాన్ని రాసుకుంటూ కదలడం వల్ల, మీటిన తరువాత కాస్త ఆలస్యంగా మధ్యస్థాయి అనుస్వరాలు ఉబికి వస్తాయి. వాద్యకారులు 'మ్వా' అని పిలిచేది దీన్నే. మూసిన పెదవులతో మొదలుపెట్టి నోరు తెరుస్తూ పలికిన అచ్చులా అది వినిపిస్తుంది.

ఈ 'మ్వా' ప్రతి ఫ్రెట్‌లెస్‌లోనూ ఒకే మోతాదులో ఉండదు. తీగల ఎత్తు తక్కువగా ఉండి, నెక్ దాదాపు సూటిగా ఉన్నప్పుడు అది బాగా పలుకుతుంది. తీగలు ఎత్తుగా ఉంటే మందంగా, గుండ్రంగా ఉండే మూలస్వరమే మిగులుతుంది. పికప్ అంటే తీగ కంపనను అందుకునే భాగం. తీగల కింది చివర ఆనే బ్రిడ్జి దగ్గరి పికప్ 'మ్వా'ను ముందుకు తెస్తుంది, నెక్ వైపు పికప్ అణచివేస్తుంది. కనుక 'ఫ్రెట్‌లెస్ నాదం' అని ఒకటే అనుకోవడం కన్నా, తీసుకున్న పాటను బట్టి ఆ వాద్యం నుంచి రెండు మూడు నాదాలు రాబట్టవచ్చునని అనుకోవడం మంచిది.

రెండో తేడా స్వరాల మధ్య నడకలో ఉంది. ఫ్రెట్ల మీద జారినప్పుడు మెట్టుమెట్టుగా అరస్వరాలు వినిపిస్తాయి, ఇక్కడ జారు తెగకుండా సాగుతుంది. కంపితం కోసం తీగను పక్కకు లాగనక్కరలేదు. వయొలిన్ మీద లాగే వేలిని తీగ పొడవునా ముందుకూ వెనక్కూ ఊపితే చాలు.

ఈ వాద్యం ఎప్పటి నుంచి ఉంది?

ఫ్రెట్లు లేకపోవడం కొత్త సంగతి కాదు, నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి డబుల్ బేస్‌కు అవి ఎప్పుడూ లేవు. 1951లో ఫెండర్ సంస్థ తెచ్చిన ప్రెసిషన్ బేస్ వల్లే ఫ్రెట్లు ఉన్న ఎలక్ట్రిక్ బేస్ ప్రచారంలోకి వచ్చింది. 1960ల ఆరంభంలో రోలింగ్ స్టోన్స్ బేసిస్టు బిల్ వైమన్ తన చవక బేస్ ఫ్రెట్లను పీకి వాయించాడు. ఆంపెగ్ సంస్థ 1966లో ఏయూబీ-1 పేరుతో ఫ్రెట్‌లెస్ బేస్‌ను తయారుచేసి అమ్మింది. ఫెండర్ ఫ్రెట్లు లేని ప్రెసిషన్ బేస్ 1970లో వచ్చింది.

జాజ్, ఫ్యూజన్ సంగీతాలకు ఇది అంతగా ఎందుకు అతికింది?

దీనికి జవాబు చాలావరకు ఒక మనిషి పేరే: అమెరికన్ బేసిస్టు జాకో పాస్టోరియస్. ఆయన వాయించినది 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్. ఫ్రెట్లు తీసేసిన గాళ్లను పూడ్చి, ఫింగర్‌బోర్డుకు పడవలకు పూసే ఎపాక్సీ పూత వేశారు. దాని మీద మెత్తటి తీగలు కాక గరుకైన రౌండ్‌వౌండ్ తీగలు వేసి, బ్రిడ్జి పికప్‌తో వాయించారు. 1976లో ఆయన తొలి సొంత ఆల్బమ్ వచ్చింది, అదే ఏడు వెదర్ రిపోర్ట్ బృందంలో చేరారు. గట్టి పూత మీద గరుకు తీగ ఆనడం వల్ల ఆయన నాదంలో పాడే గుణమూ ఉంది, కొరికే పదునూ ఉంది. ఫ్రెట్‌లెస్ అంటే మెత్తగా, నిద్రమత్తుగా ఉండాలనే అభిప్రాయం ఆయన రికార్డింగులు వింటే నిలవదు.

జాజ్‌ను రాక్ వంటివాటితో కలిపే ఫ్యూజన్‌లో బేస్ కేవలం ఆధారస్వరం ఇచ్చి ఊరుకోదు, ప్రధాన రాగాన్ని తానే పలకవలసి వస్తుంది. కీబోర్డు కార్డులు పొడుగ్గా నిలిచి ఉండగా వాటి మధ్య బేస్ తీరుబడిగా జారడానికి చోటు దొరుకుతుంది. సంప్రదాయ జాజ్ సంగతి వేరు. అక్కడ మాత్రకో స్వరం చొప్పున నడిచే బేస్‌కు కావలసింది డబుల్ బేస్ నాదం, దాని పెద్ద చెక్క గూడు వల్ల పుట్టే గాలి. నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసిన ఫ్రెట్‌లెస్ ఆ దిశలో సగం దూరం వెళుతుంది, మిగతా సగం వెళ్లదు. ఆ సగం తేడా వెనుక బెంచీల్లో కూర్చున్న శ్రోతకు పట్టదు గానీ, డ్రమ్మర్‌కు పడుతుంది.

నెమ్మదైన సినిమా పాటలకూ పాప్ పాటలకూ?

మన ఆర్కెస్ట్రాలకు ఈ వాద్యం అత్యధికంగా ఉపయోగపడేది ఇక్కడే. 1983లో పాల్ యంగ్ పాడిన ఒక నెమ్మది పాటలో పినో పల్లడినో ఫ్రెట్‌లెస్ బేస్ పాటకు ముందుమాటలా మొదలవుతుంది. ఆ తరువాత కొన్నేళ్ల పాటు పాప్ పాటల్లో అలాంటి నాదానికి గిరాకీ పెరిగింది. 1986లో పాల్ సైమన్ చేసిన ఆల్బమ్‌లో దక్షిణాఫ్రికా వాద్యకారుడు బకితి కుమాలో ఫ్రెట్‌లెస్ వాయించిన తీరు మరో దారి చూపింది. అక్కడ అది విలపించదు, గంతులు వేస్తుంది. జారుళ్లు చిన్నవి, లయ కచ్చితం. దక్షిణాది సినిమా పాటల్లో చెన్నై బేసిస్టు కీత్ పీటర్స్ వాయించిన ఫ్రెట్‌లెస్‌ను ఏ.ఆర్. రెహమాన్ పాటల్లో మనవాళ్లు తెలియకుండానే ఎన్నోసార్లు విని ఉంటారు.

నెమ్మది పాట ఎందుకు నప్పుతుందంటే, 'మ్వా' వికసించడానికి సమయం కావాలి. స్వరం రెండు మూడు మాత్రలైనా నిలిచినప్పుడే అది వినపడుతుంది. పల్లవి మొదటి వరుసల్లో గాయకుడి గొంతు ఒంటరిగా ఉన్నప్పుడు బేస్ ఆధారషడ్జాన్ని పొడుగ్గా నిలిపి, చరణానికి మళ్లే చోట మాత్రమే ఒక్క జారు వేస్తే పాటకు నిండుదనం వస్తుంది. ప్రతి స్వరంలోకీ కింది నుంచి జారుతూ ప్రవేశించడం కొత్తవారిలో కనిపించే అలవాటు. అది గాయకుడి గమకాలతో పోటీపడుతుంది, శ్రుతి తప్పిందేమోనన్న అనుమానాన్నీ పుట్టిస్తుంది. ఒకే నాదాన్ని రెండు మూడు వాద్యాలు పలికినట్టు వినిపించే కోరస్ ఎఫెక్టు కూడా 1980ల నాదం కావాలనుకున్న పాటకు మాత్రమే, అదీ కొద్దిగా వాడటం మంచిది.

వేగమైన పాటలు, మాస్ బీట్ పాటలు ఫ్రెట్‌లెస్ మీద వాయించవచ్చా?

వాయించవచ్చు, కానీ లాభం తక్కువ. మాత్రకు నాలుగు చొప్పున పదహారో భాగపు స్వరాలతో పరుగెత్తే బేస్ వరుసలో ప్రతి స్వరానికీ మీటు దెబ్బే ప్రాణం, ఫ్రెట్‌లెస్‌లో బలహీనపడేది సరిగ్గా ఆ దెబ్బే. ఇళయరాజా పాటల్లోని బేస్ వరుసలు ఎదురురాగంలా నడుస్తాయి కాబట్టి వాటిని ఫ్రెట్‌లెస్ మీద ప్రయత్నించాలని చాలామందికి ఉంటుంది. నెమ్మది పాటల వరకు అది అందంగానే ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ స్వరాలు ఒకదానిలోకి ఒకటి కరిగి, రాసినవాడు ఎంచి పెట్టిన ఒక్కొక్క స్వరమూ బురదలో కూరుకుపోతుంది.

ఆర్కెస్ట్రాల్లో ఇంకొక ఇబ్బంది ఉంది. కీబోర్డులో ఆటోమేటిక్ రిథమ్ వేసినప్పుడు అందులో బేస్ కూడా కలిసి మోగుతుంది. మామూలు బేస్‌తో ఇది కొంత గజిబిజి మాత్రమే, ఫ్రెట్‌లెస్‌తో శ్రుతి సమస్యగా మారుతుంది. 'ఏ' (A) తీగ ఖాళీస్వరం 55 హెర్ట్జ్. మీరు ఆ స్థాయిలో పది సెంట్లు, అంటే అరస్వరంలో పదోవంతు, తప్పినా మూలస్వరాల మధ్య తేడా సెకనుకు 0.32 కంపనలే కాబట్టి చెవికి వెంటనే తెలియదు. కానీ మూలస్వరాన్ని ఒకటిగా లెక్కపెట్టి నాలుగో అనుస్వరం దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా సెకనుకు సుమారు 1.3 విస్పందనాలు అవుతుంది, నాదం ఊగుతున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది. కార్యక్రమం మొదలుకాక ముందే కీబోర్డు అన్నయ్యను అడిగి రిథమ్‌లోని బేస్ భాగాన్ని ఆపించడం ఉత్తమం.

స్లాప్, ఫంక్?

బొటనవేలితో తీగను కొట్టి వాయించే స్లాప్‌లో వినబడే చురుకైన టకటకలు తీగ వెళ్లి లోహపు ఫ్రెట్లకు తగలడం వల్ల పుట్టేవి. ఫ్రెట్లు లేనప్పుడు తీగ చెక్కకు తగిలి మొద్దు చప్పుడు చేస్తుంది. అలా వాయించి మెప్పించినవారు లేకపోలేదు. అయినా ఆ పనికి ఫ్రెట్లున్న వాద్యమే తగినది.

రాక్, మెటల్ బృందాల్లో దీనికి చోటుందా?

ఊహించిన దానికన్నా ఎక్కువే ఉంది. క్రీమ్ బృందంతో పేరు తెచ్చుకున్న జాక్ బ్రూస్ తరువాతి కాలంలో ఫ్రెట్‌లెస్‌ను తన ప్రధాన వాద్యం చేసుకున్నారు. 1993లో డెత్ బృందం ఆల్బమ్‌లో స్టీవ్ డిజార్జియో, అదే ఏడాది సినిక్ బృందం ఆల్బమ్‌లో షాన్ మలోన్ అతివేగమైన మెటల్ సంగీతంలో ఫ్రెట్‌లెస్ వాయించారు. గిటార్ల డిస్టార్షన్ మధ్యస్థాయిని గోడలా నింపినప్పుడు బేస్ సాధారణంగా వినబడదు. జారుతూ కదిలే స్వరం మాత్రం ఆ గోడలోంచి బయటపడి చెవికి తగులుతుంది, ఎందుకంటే నిలకడగా ఉన్న దానికన్నా కదిలే దాన్ని చెవి ముందు పట్టుకుంటుంది. అయితే ఆ ఇద్దరి వేలి కచ్చితత్వం మామూలు సాధనతో వచ్చేది కాదు. మన కాలేజీ బృందాలు ఎక్కువగా వాయించే నాలుగు కార్డుల రాక్ పాటలకు ఫ్రెట్‌లెస్ అవసరం కనిపించదు.

కర్ణాటక సంగీతానికీ భజనలకూ బేస్‌ను ఎలా వాడాలి? గమకాలు పలుకుతాయా?

గమకాల విషయంలో ఫ్రెట్‌లెస్‌కు సహజమైన అనుకూలత ఉంది, దానికి కారణం భౌతికమైనది. వీణకు 24 మెట్లు ఉన్నా గమకం పలుకుతుంది. మెట్ల మీద తీగను పక్కకు లాగి పై స్వరాలను అందుకునేంత ఎత్తులో ఆ మెట్లు ఉంటాయి, తీగ బిగువు కూడా అందుకు లొంగుతుంది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మెట్లున్న ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే కచేరీలు చేసి మెప్పించారు. బేస్ గిటార్‌లో ఆ దారి మూసుకుపోయింది: తీగలు 0.045 నుంచి 0.105 అంగుళాల దాకా లావు, ఒక్కొక్కదాని బిగువు సుమారు 16 నుంచి 23 కిలోల వరకు ఉంటుంది. వాటిని పక్కకు లాగి తోడి గాంధారంలో ఉండవలసిన ఊపు తేవడం అయ్యే పని కాదు. ఫ్రెట్లు తీసేస్తే ఆ ఊపును వేలి జారుతోనే తేవచ్చు. చిత్రవీణ, సరోద్ మెట్లు లేకుండా పలికేది కూడా ఈ మార్గంలోనే.

అంతమాత్రాన కీర్తన మొత్తాన్నీ బేస్ మీద గమకాలతో వాయించాలని కాదు. కింది స్థాయిలో గమకం మసకబారుతుంది. 41 హెర్ట్జ్ దగ్గర 'ఇ' (E) తీగ మీద వేసిన కంపితం శ్రోతకు గమకంగా కాక తీగ వదులైనట్టు వినిపిస్తుంది. డి, జి తీగల పై భాగంలో, పన్నెండో స్థానం చుట్టుపక్కల వేసినది మాత్రం చక్కగా పలుకుతుంది. నా అభిప్రాయంలో భజనలోనూ కచేరీలోనూ బేస్ మొదటి పని తంబురా పనికి దగ్గరగా ఉండాలి: షడ్జ పంచమాలను నిలిపి, పల్లవి ముగింపుల్లో గాయకుడి సంగతిని ఒక్కసారి అనుసరించి మళ్లీ షడ్జానికి రావాలి. కార్డుల మూలస్వరాలను పాశ్చాత్య పద్ధతిలో మార్చుకుంటూ పోతే రాగం ఆధారం కదిలిపోతుంది; ఆ తప్పు ఫ్రెట్‌లెస్ మీద వాయించినా తప్పే.

శ్రుతి ఎంపిక కూడా గమనించాలి. గాయకురాలు అయిదు శ్రుతిలో పాడితే జి ఖాళీ తీగ షడ్జం, డి ఖాళీ తీగ పంచమం అవుతాయి. రెండు శ్రుతికి డి తీగ షడ్జం, 'ఏ' (A) తీగ పంచమం. గాయకుడు ఒకటి శ్రుతిలో పాడితే ఖాళీ తీగ షడ్జం దొరకదు, జి తీగ పంచమం మాత్రం ఉంటుంది. ఖాళీ తీగలు శ్రుతి సరిచూసుకోవడానికి గొప్ప ఆసరా. కానీ వాటి ఆనిక నెక్ పై చివర ఉండే నట్ మీద కాబట్టి వాటి నాదం నొక్కిన స్వరాల కన్నా ప్రకాశవంతంగా ఉంటుంది. పొడుగ్గా నిలిపే షడ్జాన్ని ఒకసారి ఖాళీ తీగ మీద, మరొకసారి నొక్కి వాయిస్తే రెండు వేర్వేరు వాద్యాలు మోగినట్టుంటుంది. పాట మొత్తానికీ ఏదో ఒక పద్ధతినే ఎంచుకోవాలి.

హార్మోనియం పక్కన ఉన్నప్పుడు ఎవరి శ్రుతిని అనుసరించాలి?

హార్మోనియం శ్రుతినే. దాని రీడ్లను వేదిక మీద ఎవరూ మార్చలేరు, మీ వేలు మార్చగలదు. తంబురాతో మాత్రమే పాడినప్పుడు అంతర గాంధారం సహజంగా నిలిచే చోటు, హార్మోనియం ఇచ్చే గాంధారం కన్నా సుమారు 14 సెంట్లు కిందికి ఉంటుంది. 34 అంగుళాల బేస్‌లో జి తీగ మీద నాలుగో స్థానం దగ్గర అది అయిదారు మిల్లీమీటర్ల తేడా, అంటే వేలి వెడల్పులో సగం కూడా కాదు. తంబురాతో అలవాటైన చెవి ఆ కింది స్థానానికే వేలిని లాగుతుంది. హార్మోనియం ఉన్న భజనలో ఆ రెండు గాంధారాలూ కలిసి గరగరమంటాయి. అటువంటి చోట గాంధారం మీద బేస్‌ను నిలపకుండా దాటిపోవడమే తెలివి. షడ్జ పంచమాల్లో ఈ తగాదా లేదు. పంచమంలో తేడా రెండు సెంట్లే.

వేలి దూరాల గురించి ఇంకొక లెక్క ఉపయోగపడుతుంది. నట్ దగ్గర మొదటి అరస్వరం వెడల్పు 48.5 మిల్లీమీటర్లు, పన్నెండో స్థానం దాటాక అది 24 మిల్లీమీటర్లే. కింది స్థానాల్లో ఒక మిల్లీమీటరు తప్పు రెండు సెంట్లు, పైన నాలుగు సెంట్లు. సాధన పై భాగంలో ఎక్కువగా చేయాలనేది ఇందుకే.

చర్చి పాటలకు ఫ్రెట్‌లెస్ మంచిదేనా?

పాటను బట్టి చెప్పాలి. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి వంటివారు 19వ శతాబ్దంలో రాసిన తెలుగు కీర్తనలు రాగతాళాలు నిర్దేశించినవి. వాటిని సంఘం మొత్తం నెమ్మదిగా, గమకాలతో పాడుతుంది. వందమంది గొంతులు కలిసి పాడినప్పుడు శ్రుతి సన్నని గీతలా ఉండదు, కాస్త వెడల్పుగా ఉంటుంది. మొద్దు అంచులున్న ఫ్రెట్‌లెస్ నాదం ఆ వెడల్పులో ఇమిడిపోతుంది, గొంతుల కింద చాపలా పరుచుకోకుండా వాటితో పాటు కదులుతుంది. నేను విన్నంతలో మన ప్రాంతంలో ఈ వాద్యానికి ఇంతకన్నా తగిన చోటు లేదు.

పాశ్చాత్య హిమ్‌ల తెలుగు అనువాదాలు నాలుగు గొంతుల హార్మొనీతో ఉంటాయి. అక్కడ బేస్ వరుస ముందే నిర్ణయమై ఉంటుంది, కార్డు మారే క్షణంలోనే అది కచ్చితంగా పడాలి. వాయించవచ్చు గానీ జారుళ్లు మానాలి. కొత్త ఆరాధన పాటల్లో పాప్ లయ ఉంటుంది కాబట్టి పైన నెమ్మది పాటలకూ వేగమైన పాటలకూ చెప్పినవే వర్తిస్తాయి.

ఢెంసా, సంబల్‌పురి పాటలు, జాతర డప్పులు?

ఇక్కడ మూడో సంగతి, అంటే మంద్రధ్వనుల చోటు, తీర్పు చెబుతుంది. కోరాపుట్, రాయగడ వైపు ఢెంసా నృత్యంలో మొహురి అనే ఊదే వాద్యం పలికే స్వరాలు హార్మోనియం మెట్లకు కట్టుబడవు, మన సన్నాయిలాగే జారుతాయి. ఆ విధంగా చూస్తే ఫ్రెట్‌లెస్ దానికి మంచి తోడు కావాలి. కానీ ఢోల్ వంటి పెద్ద వాద్యాలు కింది స్థాయినంతా నింపేస్తాయి. ఆరుబయట వాటి పక్కన నిలిచిన పొడుగు స్వరం వినపడదు. చైతి, పరబ్ వంటి ఉత్సవాల వేదికల మీద మైకులతో చేసే జానపద కలయికల్లో డప్పుల సంఖ్య తగ్గించి, మొహురి లేదా సన్నాయి వరుసను ఫ్రెట్‌లెస్ ఒక స్థాయి కింద అనుసరిస్తే ఆకట్టుకుంటుంది. ఊరేగింపులో నడుస్తూ వాయించడానికి, డీజే బాక్సుల మధ్య వాయించడానికి దీన్ని తీసుకువెళ్లడం వృథా.

ఏ తీగలు వేయాలి?

భజన, కీర్తన, నెమ్మది పాటలే ఎక్కువైతే ఫ్లాట్‌వౌండ్. అవి ఫింగర్‌బోర్డును అరగదీయవు, జారినప్పుడు కీచుమనవు, ఏళ్ల తరబడి నాదం మారకుండా ఉంటాయి. ఫ్యూజన్ పదును, గట్టి 'మ్వా' కావాలంటే రౌండ్‌వౌండ్. వాటిలోనూ స్టీలు కన్నా నికెల్ చెక్కను తక్కువగా కోస్తుంది. రోజ్‌వుడ్ పలక మీద రౌండ్‌వౌండ్ తీగలతో కంపితం ఎక్కువగా వేస్తే కొన్నాళ్లకు తీగ కింద గాళ్లు పడతాయి, ఎబొనీ ఇంకొంత ఓర్చుకుంటుంది.

నల్లటి నైలాన్ చుట్టిన టేప్‌వౌండ్ తీగలు డబుల్ బేస్‌కు దగ్గరైన మెత్తని నాదం ఇస్తాయి. వాటితో ఒక చిక్కుంది: మామూలు లోహపు తీగలను తాకినప్పుడు మీ శరీరం ఎర్త్‌కు కలుస్తుంది, 'హమ్' తగ్గుతుంది, నైలాన్ పూత ఆ దారిని మూసేస్తుంది. ఎర్త్ సరిగా లేని జనరేటర్ కరెంటుతో పందిళ్లలో వాయించేవారు సింగిల్ కాయిల్ పికప్ ఉన్న బేస్‌కు ఈ తీగలు వేసే ముందు ఆలోచించుకోవాలి.

గీతలున్న ఫింగర్‌బోర్డు తీసుకోవాలా, గీతలు లేనిదా?

వేదిక మీద వాయించేవారికి స్వరస్థానాల చోట గీతలున్నదే. చెవి పాడే కీర్తనను వింటుంది, కన్ను గీతను చూస్తుంది. రెండూ ఉంటే నష్టం ఏమీ లేదు. గీతలు చూడటం నామోషీ అనే మాటను పట్టించుకోనక్కరలేదు. గీతలు లేనిది కొంటే పక్క చుక్కలు స్వరస్థానాల మీదే ఉన్నాయా, మామూలు బేస్‌లోలా రెండు స్థానాల మధ్య ఉన్నాయా అని ముందు చూసుకోండి. ఇవి రెండు రకాలుగానూ వస్తాయి. ఫ్రెట్లున్న బేస్‌లో వేలు ఫ్రెట్‌కు కొంచెం వెనుక పడాలి, ఇక్కడ సరిగ్గా గీత మీద పడాలి. మామూలు బేస్ నుంచి మారినవారు మొదట్లో అన్ని స్వరాలనూ కాస్త తక్కువగా పలికించడానికి కారణం ఇదే.

పాత బేస్ ఫ్రెట్లు తీయించి ఫ్రెట్‌లెస్ చేయించవచ్చా?

చవక బేస్‌కు చేయించవచ్చు, అలవాటు పడటానికి అది మంచి మార్గం కూడా. ఫ్రెట్‌ను సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి నెమ్మదిగా లేపాలి, లేకపోతే అంచుల్లో చెక్క పెచ్చులూడుతుంది. మిగిలిన గాళ్లలో పలుచని చెక్క పట్టీలు జిగురుతో కూర్చి, ఆరాక సమంగా అరగదీయాలి. పట్టీలు లేత రంగువైతే అవే గీతలుగా పనికొస్తాయి. గాళ్లను ఖాళీగా వదిలేస్తే నెక్ ముందుకు వంగే ప్రమాదం ఉంది. ఫ్రెట్ల ఎత్తు పోయినందువల్ల తీగలు చెక్కకు ఎత్తులో ఉండిపోతాయి కాబట్టి నట్ గాళ్లను లోతు చేయాలి, బ్రిడ్జి మీద తీగలను మోసే శాడిళ్లను దించాలి; చాలామంది ఈ సర్దుబాటు వదిలేసి నాదం బాగాలేదంటారు.

బొబ్బిలి దగ్గరే కదా, వీణ పనివారి చేత చేయించవచ్చా అని రాయగడ వారు అడుగుతుంటారు. వీణ మెట్లను మైనంలో కూర్చుతారు, గిటార్ ఫ్రెట్లు చెక్కలో కోసిన గాళ్లలో బిగించినవి. ఆ రెండు పనుల పనిముట్లు వేరు. చెక్కపని తెలిసిన గిటార్ రిపేరు మనిషిని విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో చూసుకోవడం మేలు.

సౌండ్ బాక్సులకు టోన్ ఎలా పెట్టాలి?

బాస్ నాబ్‌ను పూర్తిగా తిప్పడం ఫ్రెట్‌లెస్‌కు ఎక్కువ హాని చేస్తుంది. దీని గుర్తింపు మధ్యస్థాయిలో, సుమారు 250 నుంచి 800 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. కింది స్థాయి పెంచితే అది మునిగిపోతుంది, వేదిక మీద మీ వేలి స్థానం మీకే వినపడదు. వినపడని స్వరాన్ని శ్రుతిలో నిలపలేరు. కాబట్టి మానిటర్‌లో మధ్యస్థాయి కొంచెం ఎక్కువే అడగండి. చెట్లకు కట్టే గొట్టపు లౌడ్‌స్పీకర్లు కింది స్థాయిని ఎలాగూ పలకవు, అనుస్వరాలనే పలుకుతాయి. వింతగా అనిపించినా, మొద్దు మూలస్వరం మీద ఆధారపడే బేస్ కన్నా 'మ్వా' ఉన్న ఫ్రెట్‌లెస్ వాటిలో మెరుగ్గా తెలుస్తుంది. నాదం హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెషన్ కొద్దిగా వాడితే అది నిలిచే స్వరాలకు ఆయుష్షు పోస్తుంది.

ఒక్క బేస్ కొనే స్తోమత మాత్రమే ఉంటే?

ఆర్కెస్ట్రాతో సంపాదించేవారైతే ఫ్రెట్లున్నదే కొనండి. రాత్రి వాయించే పాటల్లో ఫ్రెట్‌లెస్ కోరేవి కొన్నే ఉంటాయి, మిగతావాటిని మామూలు బేస్ కాదనలేనంత బాగా నడుపుతుంది. చర్చిలోనో భజన బృందంలోనో స్థిరంగా వాయిస్తూ, పాడటం కూడా కొంత తెలిసినవారైతే మొదటి వాద్యంగానే ఫ్రెట్‌లెస్ తీసుకోవచ్చు. పాడే చెవి ఉన్నవారికి స్థానాలు త్వరగా కుదురుతాయి.

వానాకాలంలో నాదం మారిపోతోంది. ఏం చేయాలి?

బరంపురం, గోపాలపురం వైపు సముద్రపు తేమకూ, రాయగడ, కోరాపుట్ కొండల వానలకూ నెక్ చెక్క తేమ పీల్చి వంపు మారుతుంది. మామూలు బేస్‌లో ఈ మార్పు కొంత గరగరగానో, తీగలు ఎత్తయినట్టుగానో తెలిస్తే, ఫ్రెట్‌లెస్‌లో ముందుగా పోయేది 'మ్వా'. నెక్ ముందుకు వంగితే అది తగ్గిపోతుంది, వెనక్కి వంగితే కొన్ని స్థానాల్లో స్వరం బిగుసుకుని చచ్చిపోతుంది. తీగను మొదటి స్థానంలోనూ, నెక్ ఒంటికి కలిసే చోటా ఒకేసారి నొక్కిపట్టి, మధ్యలో ఎంత సందు ఉందో చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత సందు ఫ్రెట్‌లెస్‌కు సాధారణంగా ఎక్కువే. నెక్ లోపలి కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను ఒక్కసారికి పావు చుట్టు మించకుండా తిప్పి, ఒక రాత్రి వదిలి, మరుసటి రోజు మళ్లీ చూసి మిగతాది సరిచేయండి.